ఇనుప మనిషి పొట్టి చెయ్యి

నాలుగోదే అన్నింటికన్నా గొప్పదని నా కూతురు నా ముఖం మీదే అన్న రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ పప్పు ఎవరూ నోట పెట్టలేకపోయారు. తప్పు నాది కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

నేను చెప్పేది జపాను వాళ్ళ బొమ్మల సీరియల్ గురించి. దాని అసలు పేరు నా నాలుకకు ఎప్పుడూ తిరగలేదు. మా ఇంట్లో ‘ఇనుప మనిషి’ అనే పిలుచుకున్నాం. మూడు తాటిచెట్ల ఎత్తు యంత్రం, దాని గుండెలో చిన్న గది, ఆ గదిలో ఒక పిల్ల కూర్చుని దాని చేతులూ కాళ్ళూ నడిపిస్తుంది. ఇరవై ఏళ్ళలో అలాంటివి నాలుగు కథలు వచ్చాయి. ప్రతి కథలో యంత్రం మారుతుంది, పిల్ల మారుతుంది. నాలుగింటినీ మొదటి నుంచి కడదాకా చూసినవాళ్ళు ఆళ్ళగడ్డలో ఇంకెవరున్నారో తెలియదు కానీ మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం, నేనూ నా కూతురూ. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఏ భాగంలో ఎవరు ఏం మాట్లాడారో అడగండి, ఆ పూట మా పొయ్యి మీద ఏం ఉడుకుతూ ఉండిందో కూడా కలిపి చెబుతాను.

మాది రాళ్ళు చెక్కే ఇల్లు. మా ఆయన దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. ఇప్పుడు కోతకు కరెంటు మిషన్లు వచ్చాయి కానీ ముఖానికీ, వేళ్ళకూ ఉలి తప్పదు. నల్లరాయి మీద పొద్దంతా కొడితే ఉలి మొన మొద్దుబారిపోతుంది. సాయంత్రం కొలిమి పెట్టి, దాన్ని ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, నీళ్ళలో ముంచి పదును పెట్టాలి. ముంచడంలోనే ఉంది పనంతా. మొన మీద వన్నె మొదట ఎండుగడ్డి రంగులో ఉంటుంది, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత నేరేడుపండు రంగు వస్తుంది. తొందరపడితే ఉలి పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. మా ఇంట్లో ఆ పని నాది. పెళ్ళయిన ఏడాదికి మా అత్త నాకు అప్పజెప్పింది, ఇప్పటికి నలభై ఏళ్ళు. గుడిలో విగ్రహం నిలబెట్టినప్పుడు మా ఆయనకు శాలువా కప్పుతారు. ఉలికి పదును పెట్టిందెవరని అడిగినవాడు ఇంతవరకూ లేడు. నేనూ అడగమని కోరలేదు, అనుకోండి.

మొదటి కథ టీవీలో తెలుగు మాటలతో వచ్చింది, సాయంత్రం అయిదున్నరకు. అదే మా కొలిమి వేళ. నా కూతురు అప్పుడు నాలుగో తరగతి. వసారాలో టీవీని కిటికీ వైపు తిప్పి పెట్టి, నేను కొట్టంలో కొలిమిని రాజేసే గాలిచక్రం తిప్పుతూ ఉంటే, నాకు కనబడని ముక్కలన్నీ అది అరిచి చెప్పేది. ఒక కన్ను మొన మీద, ఒక కన్ను కిటికీ మీద. ఆ నెలల్లో నేను చెడగొట్టిన ఉలులు మూడే. మా ఆయన ఇరవై అంటాడు.

ఆ కథలో యంత్రం ఒక గనిలో దొరుకుతుంది. దాన్ని నడిపే పిల్ల గనివాళ్ళకు వంట చేసే ఆమె కూతురు. తొమ్మిదో భాగంలో, ఆ రోజు మా ఇంట్లో కొర్రన్నం, గోంగూర, యుద్ధంలో యంత్రం ఎడమ చెయ్యి భుజం కాడికి ఊడిపోయింది. వేరే చెయ్యి లేదు, తెప్పించేందుకు దారి లేదు. ఆ గనిలో బండ్లు బాగుచేసే ఒక ముసలామె ఉంది. ఆమె బరువులెత్తే ఒక చిన్న యంత్రం చెయ్యి విప్పుకొచ్చి దీనికి అమర్చడం మొదలుపెట్టింది. ఒక్కరోజులో కాలేదు. పదకొండు భాగాలు పట్టింది. కొలతలు తీయడం, కుదరకపోవడం, మళ్ళీ విప్పడం. ఆ పదకొండు భాగాలూ ఆ పిల్ల ఒంటి చేత్తోనే పోరాడింది. కడకు కుదిరిన చెయ్యి కుడి చేతికంటే పొట్టి, పిడికిలి చిన్నది. ఆ చేత్తో కొట్టాలంటే ఒక అడుగు ముందుకు వేయాలి. ఆ అడుగు వేయడం నేర్చుకున్నాకే ఆ పిల్ల గెలిచింది.

అమర్చే రోజున ముసలామె ఇనుప మేకును బొగ్గుల్లో కాల్చింది. బయటికి తీసి, వెంటనే ముంచకుండా, కళ్ళు చిన్నవి చేసి దాని వన్నె చూసింది. నేరేడు రంగు తిరగబోయే ముందు నీళ్ళలో పెట్టింది. నేను గాలిచక్రం వదిలేసి తడిచేతులతో టీవీ ముందుకు పరుగెత్తాను. జపానులో ఎవరో ఆ పని తెలిసినవాళ్ళు ఆ బొమ్మ గీసి ఉండాలి. నా పని నేను టీవీలో చూడడం అదే మొదలు, అదే ఆఖరు. “మా, ఆమె నీ మాదిరే చూస్తాంది” అని నా కూతురు అంది. ఆ మాట నేను దాచుకున్నాను.

ఆ తర్వాత వచ్చినవాటి సంగతి వినండి. రెండో కథలో సోమవారం చెయ్యి విరిగితే మంగళవారం కొత్త చెయ్యి. అదే రంగు, అదే మెరుపు. అంగట్లో దోసకాయ కొన్నట్టు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. యంత్రం నడిపే పిల్ల ఏడుస్తూనే ఉంటుంది, నడుమ పాటలు. దాంట్లో తల్లి పాత్ర ఒక్కటి బాగుంది, కాదనను. మూడోది టీవీలో రానే లేదు. బస్టాండు దగ్గర సీడీలు అమ్మే సాయిబన్న ఎక్కడి నుంచో తెప్పించి ఇచ్చాడు, హిందీ మాటలతో. సగం నాకు అర్థం కాకపోతే ఆయనే అంగడి మెట్ల మీద కూర్చుని ముందుగా కథంతా చెప్పి పంపేవాడు. అందులో ఐదు యంత్రాలు కలిసి ఒకటవుతాయి, రెక్కలొస్తాయి. మూడోదాన్ని పూర్తిగా తిట్టలేను. ఊగే ఓడలో నలభై మందికి వంట చేసేవాళ్ళను చూపించారు, గిన్నెల మూతలు తాళ్ళతో కట్టుకుని. వంట ఎట్ల చేయాలో తెలిసినవాళ్ళు తీసిన ముక్క అది. కానీ ఐదు యంత్రాలు రోజూ కొట్టుకుంటుంటే బాగుచేసేవాడు ఒక్కడు కనబడడు. వాటికి నూనె పోసేదెవరు?

ఇక నాలుగోది. అది ఫోన్లో వచ్చింది. జపాను మాటలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. నా కూతురు పక్కన కూర్చుని చదివి చెప్పింది, దానికి పెళ్ళై నంద్యాలలో కాపురం పెట్టిన తర్వాత సంగతి ఇది. ఆదివారం వచ్చినప్పుడల్లా రెండేసి భాగాలు చూసేవాళ్ళం. నాలుగోదాంట్లో యంత్రానికి గాయమైతే వెలుగు వస్తుంది, గాయం దానంతటదే మానిపోతుంది. బాగుచేసే మనిషే అక్కర్లేదు.  అంతకంటే ఘోరం ఏడో భాగంలో ఉంది. అందులో ఒక పెద్ద హాల్లో పాత యంత్రాలన్నీ వరసగా నిలబెట్టి చూపిస్తారు. మొదటిది మా ఇనుప మనిషే. దానికి రెండు చేతులూ సమానంగా ఉన్నాయి.

వాళ్ళ కథను వాళ్ళే మరిచిపోయారు. ముసలామె పదకొండు భాగాలు చేసిన పనిని తుడిచేసి, పుట్టినప్పటి చెయ్యి మళ్ళీ పెట్టేశారు. ఎవరన్నా అడిగారా? నేను ఫోను పట్టుకుని మళ్ళీ వెనక్కి తిప్పమన్నాను. నా కూతురు తిప్పింది, చూసింది, ఏం తేడా అని నన్నే అడిగింది. కిటికీలోంచి అరిచి చెప్పిన పిల్ల అది.

పప్పులో ఉప్పు పడింది అందుకు. ఆ రోజు అది తెచ్చిన మాట ఇంకొకటి కూడా ఉంది. నా కూతురు నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో బొమ్మలు గీయడం నేర్పుతుంది. రాళ్ళ ఇంట్లో పుట్టిన చెయ్యి కదా. ఆ బడిలో మరబొమ్మలు చేసే క్లాసు కొత్తగా పెట్టారు. గేటు దగ్గర ఒక ఇనుప మనిషిని రాతితో నిలబెట్టాలని ఆ బడి కరస్పాండెంటుకు ఆశ పుట్టింది. వాళ్ళ నాయన చెక్కుతాడని ఇది మాట ఇచ్చి వచ్చింది. చెక్కేది నాలుగో కథలోని యంత్రాన్నట.

“ఇప్పటి పిల్లోల్లకు అదే తెలుసు మా. తొలిదాంట్లో ఏముండాది, అంతా మసి, మరమ్మతు.”

“మరమ్మతు లేకుంటే కథ యాడుండాది?”

“నువ్వు ముందు చూసింది అదే కాబట్టి అదే గొప్పంటాండావ్.”

ఆ మాటకు నాకు కలిగిన కోపం అంతా ఇంతా కాదు. సీరియల్ ఈ వారం బాగలేకపోతే వచ్చే వారం ఇంకొకటి వస్తుంది. రాయి అలా కాదు. ఆ గేటు దగ్గర ఏది నిలబడితే అదే నిలబడి ఉంటుంది, నేనూ మా ఆయనా పోయాక కూడా. నంద్యాల పిల్లలంతా గాయం దానంతటదే మానుతుందని నేర్చుకుంటూ ఆ గేట్లోంచి పోవాలా? అదే అడిగాను. నా కూతురు పప్పు పక్కకు నెట్టి పెరుగు వేసుకుంది.

తీర్పు చెప్పింది మా ఆయన. నాలుగు యంత్రాల బొమ్మలూ ముందు పెట్టుకుని దారంతో కొలిచాడు. ముఖం ఎంతో దాన్నిబట్టి ఒళ్ళంతా కొలవడం వాళ్ళ పద్ధతి. మొదటిదానికి ఒళ్ళు ఎనిమిది ముఖాలు వచ్చింది, నిండు మనిషి కొలత. నాలుగోదానికి పన్నెండు దాటింది. “ఈ కాళ్ళ మీద రాయి నిల్చోదు పాపా. చీలమండ చూడు, జొన్నదంటు మాదిరుండాది. తన బరువుకు తానే ఇరుగుతాది” అన్నాడు. రెక్కలున్న మూడోదాన్ని చూడను కూడా చూడలేదు. అట్ల మొదటిదే ఖాయమైంది. సంతోషించాల్సిందే. కానీ గెలిచింది చీలమండలు, ముసలామె కాదు. అదీ నాకు కష్టంగానే ఉండింది.

నా కూతురు బొమ్మ గీసి పంపింది. సరిగానే గీసింది, ఎడమ చెయ్యి పొట్టిగా, పిడికిలి చిన్నగా. ఈ పనంటే అలక్ష్యం లేదన్నమాట అనుకున్నాను. రాయి దించారు, కోత మొదలైంది. అంతలో కోయిలకుంట్లలో మా చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంటే నేను పోయి ఇరవై రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. పోయేముందు పదును పెట్టిన ఉలులు కట్టలు కట్టి పెట్టి పోయాను.

తిరిగొచ్చి చెప్పులు కూడా విడవకుండా కొట్టంలోకి పోయాను. మనిషిన్నర ఎత్తు నల్లరాయి ఇనుప మనిషి నిలబడి ఉన్నాడు. భుజాలు బాగున్నాయి, గుండెలో గది తలుపు బాగుంది. రెండు చేతులూ సమానంగా తొడల దాకా దిగి ఉన్నాయి.

మా ఆయనను అడిగితే నెమ్మదిగా చెప్పాడు, నన్ను సంతోషపెట్టే మాట చెబుతున్నట్టు.

“పాప గీతలో తప్పు పోయింది. బడోల్లు చూస్తే దాన్నే అంటారు కదా. నేనే సరిచేసినా.”

“అది తప్పు కాదు. ఆ చెయ్యి పొట్టిదే.”

“పొట్టి చెయ్యి ఏందీ? అవయవం భిన్నమైన రూపం ఈ కొట్టం దాటి యానాడన్నా పోయిందా? మా తాతల కాడి నుంచి పోలా.”

“అది దేవుడు కాదు. దానికి ఎవరూ టెంకాయ కొట్టరు.”

“రాయి అయినాక అన్నీ ఒకటే” అని ఆయన కుడి పిడికిలి మీద గీతలు పెట్టుకోసాగాడు.

ఆయనను నేను ఏమని అనగలను? వేలు చిట్లిన విగ్రహాన్ని ఆయన నాన్న నెల రోజుల పని అయినా పక్కన పడేయడం నేను నా కళ్ళతో చూశాను. ఆ ఇంట్లో అదే చదువు. జపాను వాళ్ళు మరపుతో చేసిన తప్పును మా ఆయన భక్తితో చేశాడు. నా కూతురికి ఫోన్ చేశాను. కనీసం అది మండిపడుతుందనుకున్నాను. తన బొమ్మను కాదన్నారు కదా.

“పోనీలే మా, ఎవురు చూస్తారు, వదిలేయ్” అంది.

ఎవరు చూస్తారు. నలభై ఏళ్ళుగా నేను వింటున్న మాట అది, వేరే వాళ్ళ నోట. నా బిడ్డ నోట అదే మొదటిసారి. ఫోను పెట్టేసి కొలిమి దగ్గరికి పోయి, గాలిచక్రం పిడి ఊడదీసి, బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఉలులకు పదును ఇక మీరే పెట్టుకోండని మా ఆయనతో చెప్పాను. ఆయన నవ్వాడు. కట్టలో ఇంకా ఉలులు ఉన్నాయి కదా.

నాలుగు రోజులకు ఉలులు అయిపోయాయి. ముఖం, వేళ్ళు మిగిలి ఉన్నాయి. పిడి అడగడానికి మనసొప్పక ఆయన విసనకర్రతో బొగ్గులు రాజేసుకున్నాడు. పొద్దుగుంకేలోపల మూడు ఉలులు విరగ్గొట్టాడు. తెల్లారి ఇంకో రెండు వంగిపోయాయి. నేను వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఆ శబ్దాలు విన్నాను. ఉలి విరిగినప్పుడు వచ్చే చప్పుడు వేరు. జాలి పడలేదని అబద్ధం చెప్పను. లేచి పోలేదు, అంతే.

ఆదివారం నా కూతురు నంద్యాల నుంచి వచ్చింది, వాళ్ళ నాయన పిలిపించి ఉంటాడు. వాకిట్లో విరిగిన మొనలు చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి, నా దాపులన్నీ తెలిసిన పిల్ల కాబట్టి, తిన్నగా బియ్యం డబ్బాలోంచి పిడి తీసింది. అది గాలిచక్రానికి తగిలించి తిప్పుతుంటే బొగ్గులు ఎర్రబడ్డాయి. వాళ్ళ నాయన ఉలి కాల్చి బయటికి తీశాడు, ముంచబోయాడు.

“ఆగు నాయనా. యాడికి వచ్చినాక ముంచాల మా?”

నేను చిక్కుడుకాయల మీద నుంచి తల ఎత్తలేదు. “గనిలో ముసలామె ఎప్పుడు ముంచింది?” అని మాత్రం అడిగాను.

గాలిచక్రం ఆగింది.

“నేరేడు రంగు తిరక్కముందు” అంది నా కూతురు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఇరవయ్యో భాగం. నువ్వు తడిచేతులతో ఉరికొచ్చినావ్. అదే పొట్టి చెయ్యి” అంది. “ఇప్పుడు ముంచు నాయనా.”

ఉలి చుయ్‌మంది. మొన నిలిచింది. నేనైతే ఇంకో రెప్పపాటు ముందే ముంచేదాన్ని.

మా ఆయన ఆ ఉలిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. కూతురు ఆయనకు ఆ పదకొండు భాగాలు చెప్పింది, గాలిచక్రం తిప్పుతూనే. చిన్నప్పుడు నాకు అరిచి చెప్పినట్టే, రెండో చెయ్యి ఊపుతూ. ఇరవై ఏళ్ళుగా అదే ఇంట్లో ఉన్న మనిషి ఆ కథ అప్పుడు విన్నాడు. విని లేచి, ఇనుప మనిషి ఎడమ చెయ్యి పక్కన నిలబడి, అరచేత్తో దాన్ని తడిమాడు.

“ఎంత పొట్టి?” అని నన్ను అడిగాడు.

“జానెడు.”

“తీసేది కాబట్టి అయితాది. అతికించమంటే సచ్చినా చెయ్యను” అన్నాడు.

పిడికిలి తెగ్గొట్టి, ముంజేతిలోంచే ఇంకో చిన్న పిడికిలి తీశాడు. ఆ చేతికి మాత్రం నునుపు పెట్టలేదు. ఉలి దెబ్బలు కనబడేటట్టు వదిలేశాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ దెబ్బలు కొట్టిన ఉలులకు పదును పెట్టింది మళ్ళీ నేనే.

నిలబెట్టిన రోజు ముగ్గురం నంద్యాల పోయాం. ముసుగు తీయగానే పిల్లలు కేకలు పెట్టారు. కరస్పాండెంటు దగ్గరికి వచ్చి చెయ్యి చూశాడు, మొహం చిన్నది చేసుకున్నాడు. మైకు తీసుకుని, ఆళ్ళగడ్డ నుంచి లారీలో తెచ్చేటప్పుడు విగ్రహానికి చిన్న దెబ్బ తగిలిందనీ, పెద్దలు మన్నించాలనీ చెప్పాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. నేను లేవబోతున్నాను, అప్పటికే నా కూతురు లేచి మైకు అడిగి తీసుకుంది.

దెబ్బ కాదని చెప్పింది. గని, వంటామె బిడ్డ, ఊడిన చెయ్యి, బొగ్గుల్లో మేకు. నాలుగో కథ తప్ప వేరే తెలియని పిల్లలు నోరు మూసుకుని విన్నారు. బాగా చెప్పింది, నాకంటే బాగానే చెప్పింది. అంతా అయి ఆఖరికి వచ్చేసరికి, “ఆ అవ్వ వారం దినాలు కష్టపడి ఈ చెయ్యి అమర్చింది” అంది.

నేను వెనక వరసలోంచి లేచి నిలబడ్డాను. నాకు మైకు అవసరం లేదు, కొట్టంలో సుత్తుల మధ్య మాట్లాడిన గొంతు.

“వారం కాదు పాపా. పదకొండు భాగాలు.”

పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. నా కూతురు నవ్వలేదు. “పదకొండు భాగాలు” అని మైకులో సరిచేసి చెప్పింది. నేను కూర్చున్నాను.

మొన్న బడికి ఎవరో పెద్దలు వస్తే, వాళ్ళు చెయ్యి సంగతి అడిగితే, కరస్పాండెంటు మళ్ళీ లారీ మాటే చెప్పాడట. మా కూతురు ఫోన్లో చెప్పింది. ఈసారి అది కూడా మండిపడుతోంది. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులకేం కొదవ లేదు.